చక్రం పెరిగితే స్టీరింగ్ ఏమంటుంది: మాదాపూర్ టైరు షాపుల వెనకటి కథ

మాదాపూర్ వైపు పెద్ద టైరు మొదట వచ్చింది రాళ్ల కోసం. ఇప్పుడు సైబర్ టవర్స్, మైండ్‌స్పేస్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అంటూ అద్దాల మేడలు లేచిన నేలంతా ఒకప్పుడు గ్రానైటు గుండ్లే. ఖాజాగూడ దగ్గర, దుర్గం చెరువు ఒడ్డున మిగిలిన గుట్టల్ని చూస్తే ఆ నేల ఎట్లా ఉండేదో తెలుస్తుంది. ఆ గుండ్లను పేల్చి కంకర కొట్టే క్వారీలకు దారంటూ ఏదీ ఉండేది కాదు. కాంట్రాక్టర్లు జీపుల్లో వెళ్లేవాళ్లు. ఆ జీపులు పాడైతే సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వచ్చేవి.

మా మేనమామ కుర్రతనంలో రాణిగంజ్‌లోనే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాడు. రాణిగంజ్ అంటే స్పేర్ పార్టుల బజారు. బోల్టు నుంచి బేరింగు దాకా అక్కడ దొరకనిది లేదు. మామ మొదట నేర్చుకున్న పని జీపు ముందు ఇరుసు విప్పి బిగించడం. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని ఈ దేశంలో బిగించడం మొదలుపెట్టారు. మోడళ్లు ఎన్ని మారినా ఆ జీపు ముందు ఇరుసు చాలా ఏళ్లు పాత పద్ధతిలోనే సాగింది: అటు చివర నుంచి ఇటు చివరకు ఒకటే గట్టి దూలం, రెండు కొసల్లో చక్రం తిరగడానికి కింగ్ పిన్ బేరింగులు. దానికి కంపెనీ ఇచ్చిన టైరు 6.00-16. నిలబెడితే ఎత్తు 28 అంగుళాల పైచిలుకు.

క్వారీ జీపుకి ఆ ఎత్తు చాలేది కాదు. ఇరుసులోని డిఫరెన్షియల్ రాయికి తగులుతుందని చిన్న లారీలకు వేసే 7.50-16 టైర్లు ఎక్కించేవాళ్లు. చక్రం డిస్కు, అంటే రిమ్ము, వెడల్పు సరిపోకపోతే పాత డిస్కును నిలువునా కోసి, మధ్యలో ఇనప పట్టీ పెట్టి వెల్డింగు చేయించేవాళ్లు. రాళ్లలో నడిచినంత సేపూ బండి బాగానే ఉండేది. తారురోడ్డు ఎక్కి 40 వేగం అందుకున్నాక ఒక్క గుంత తగిలిందంటే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకునేది. చక్రాలు రెండూ ఊగుతూ ముందు భాగాన్నంతా ఊపేసేవి. బ్రేకు తొక్కి బండి ఆపితే గాని ఆ ఊపు ఆగేది కాదు. ఉస్తాద్ దీన్ని బండి ‘నాచ్‌తీ హై’, అంటే నాట్యమాడుతోంది, అనేవాడట. మిగతా మెకానిక్కులు వాబ్లింగ్ అనేవాళ్లు.

ఆ జబ్బును ఉస్తాద్ పట్టే తీరు మామ నాకు చాలాసార్లు చూపించాడు. ముందు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. లూజు చేతికి తెలిసిపోతుంది. తర్వాత చక్రం తీసేసి, టై రాడ్ విడదీసి, స్టీరింగ్ ఆర్మ్ కొసకు కూరగాయలు తూచే స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి మెల్లగా లాగాలి. ఆర్మ్ కదలడం మొదలైన చోట కాటా ముల్లు ఎంత చూపిస్తోందో చూడాలి. ముల్లు పెద్దగా లేవకుండానే ఆర్మ్ కదిలిందంటే కింగ్ పిన్ బేరింగులు వదులైనట్టు. బేరింగు మూత కింద పల్చటి రేకులుంటాయి. వాటిలో ఒకటో రెండో తీస్తే పట్టు బిగుస్తుంది. జీపు రిపేరు పుస్తకాల్లో ఉండే పద్ధతే ఇది. ఉస్తాద్ ఆ పుస్తకాలు చదవలేదు, చేతి నుంచి చేతికి వచ్చిన పని అది. పనయ్యాక ఆయన యజమానికి ఒక మాట చెప్పి పంపేవాడు: ఈ టైర్లు ఉన్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ వస్తావు. పెద్ద టైరు బరువు ఎక్కువ, అది రాయి మీద పడినప్పుడు బేరింగుకి తగిలే దెబ్బా ఎక్కువ.

ఈ జబ్బు రాణిగంజ్ జీపుల కన్నా చాలా పాతది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మాదాపూర్ ఐటీ కారిడార్‌లోనే ఒక కంపెనీలో సస్పెన్షన్ లెక్కలు చేసే ఉద్యోగంలో చేరాక తెలిసిన చరిత్ర ఇది. 1920ల మొదట్లో అమెరికాలో కార్లకు సన్నటి టైర్లుండేవి, వాటిలో గాలి గట్టిగా కొట్టేవాళ్లు. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ బెలూన్ టైరు తెచ్చింది. లావుగా, తక్కువ గాలితో మెత్తగా ఉండే టైరు అది. కూర్చున్నవాళ్లకు కుదుపు తగ్గింది. కానీ ఆ రోజుల అమెరికా కార్లలో దాదాపు అన్నిటికీ ముందు దూలం లాంటి ఇరుసే. లావు టైరు ఎక్కగానే ముందు చక్రాలు ఊగడం మొదలైంది. ఇంజనీర్లు ఏళ్ల తరబడి దానితో తల పట్టుకున్నారు. రోల్స్ రాయిస్ నుంచి 1930లో జనరల్ మోటార్స్‌కి వచ్చిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు, అతని బృందం పరీక్షలు చేసి చేసి, రెండు చక్రాల్నీ ఒకే దూలానికి కట్టడం మానేయాలన్న నిర్ణయానికి వచ్చారు. 1934లో జనరల్ మోటార్స్ కార్లకు దేని దారిన అది కదిలే ముందు చక్రాలు వచ్చాయి. ఇవాళ మన కార్లలో ఉన్న ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంత తొందరగా అందరికీ అందడానికి ఒక పెద్ద కారణం లావెక్కిన టైరే. టైరు మారినందుకు కారు ముందు భాగమంతా కొత్తగా గీయాల్సి వచ్చిందన్నమాట. మా రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే చరిత్ర ఇదే. టైరు షాపులో రిమ్ము బేరం చేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలని నా కోరిక.

జీపు మాత్రం యుద్ధం కోసం పుట్టిన బండి. మోటుగా, గట్టిగా, ఎక్కడైనా బాగుచేసుకునేలా ఉండాలి గనక దానికి దూలం ఇరుసే ఉంచారు. అందుకే 1920ల నాటి డెట్రాయిట్ జబ్బు మన రాణిగంజ్‌లో దశాబ్దాల పాటు బతికింది.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో మామ రాణిగంజ్ వదిలి కొత్తగూడ దగ్గర రేకుల షెడ్డు వేసుకున్నాడు. అతన్ని బతికించింది సాఫ్ట్‌వేర్ వాళ్ల సొంత కార్లు కాదు, వాళ్లను రాత్రీ పగలూ దింపే క్యాబులు. టాటా సుమోలు, 2000లో వచ్చిన టొయోటా క్వాలిస్‌లు. క్వాలిస్ అమ్మకం 2005లో ఆగిపోయి ఇన్నోవా వచ్చినా, ఈ రోడ్ల మీద క్వాలిస్‌లు ఇంకా చాలా ఏళ్లు తిరిగాయి. క్యాబ్ డ్రైవరుకి టైరంటే నేరుగా జేబులో డబ్బు. లోపలి అంచు అరిగిందంటే ఆ నెల మిగులు పోయినట్టే. షిఫ్టు దింపి తెల్లవారుజామున వచ్చి షెడ్డు ముందు బండి పెట్టుకుని నిద్రపోయేవాళ్లు. మామ వచ్చి లేపి, అలైన్‌మెంట్ చేసి పంపేవాడు.

మొదట్లో అలైన్‌మెంట్ అంటే దారమే. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి పట్టుకుని, ముందు చక్రం ఎంత లోపలికి తిరిగి ఉందో స్కేలుతో చూసి టై రాడ్ తిప్పడం. తర్వాత కంప్యూటర్ యంత్రాలొచ్చాయి. చక్రాలకు బిగించిన పలకల్ని ఎదుటి కెమెరాలు చూసి అంకెలు చెప్పే యంత్రాలు. పుదుచ్చేరిలోని మానటెక్ లాంటి మన దేశపు కంపెనీలు కూడా వాటిని తయారుచేయడంతో చిన్న షాపులకూ అవి అందాయి. మామ అప్పు చేసి ఒకటి కొన్నాడు. దారం మాత్రం పారేయలేదు. ఆ రోజుల్లో సైజు మార్చమని అడిగిన క్యాబ్ డ్రైవర్ ఒక్కడూ లేడంటాడు. కంపెనీ ఏ టైరు ఇస్తే అదే వేసుకునేవాళ్లు, ఎందుకంటే కిలోమీటరుకి ఎంత పడుతుందో వాళ్ల లెక్క వాళ్లకుండేది.

మోజు మొదలైంది 2002లో స్కార్పియో వచ్చాక. చుట్టుపక్కల భూముల ధరలు పెరిగి, ప్లాట్లు చూపించే వ్యాపారం మొదలయ్యాక బండి ఎత్తుగా, చక్రాలు బయటకు పొడుచుకొచ్చి కనబడడం ఒక హోదా అయింది. రాళ్ల కోసం పుట్టిన పద్ధతి రాళ్లు పోయాక అలంకారంగా తిరిగొచ్చింది. పైగా ఈసారి ఎత్తుతో ఆగలేదు. డిస్కు లోతుగా, టైరు ఫెండర్ దాటి బయటకు రావాలన్నది కొత్త కోరిక. బండి నడకను అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది ఈ రెండోదే.

అయినా కొన్నేళ్లు ఎవరికీ పెద్దగా తెలియలేదు. మాదాపూర్ ట్రాఫిక్‌లో 30 వేగంతో పోయే బండికి ఏ లోపమైనా దాగిపోతుంది. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. తర్వాత అది 158 కిలోమీటర్ల వలయంగా పూర్తయింది. 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. టైరు షాపులకు వచ్చే ఫిర్యాదుల చరిత్రను ఔటర్‌కి ముందు, ఔటర్ తర్వాత అని రెండుగా విడదీయొచ్చు. అంతకు ముందు ‘టైరు తింటోంది’ అని వచ్చేవాళ్లు. తర్వాత ‘ఎనభై దాటితే భయమేస్తోంది’ అని రావడం మొదలుపెట్టారు.

2016లో ఇసుజు కంపెనీ మన శ్రీసిటీ ప్లాంటు నుంచి డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్పు తెచ్చింది. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక తొట్టి. అంతదాకా మనకు పికప్పు అంటే కూరగాయలో, సిమెంటో, నీళ్ల క్యాన్లో మోసే బండి. దాన్ని ఇష్టపడి సొంతానికి కొనుక్కునే కుర్రవాళ్లు ఈ కారిడార్‌లో కనబడ్డారు. 2020 అక్టోబర్‌లో కొత్త థార్ వచ్చాక వాళ్ల సంఖ్య బాగా పెరిగింది. ఈ రెండు బండ్లకూ ముందు చక్రాలు విడివిడిగా కదిలేవే. పాత జీపు నాట్యం వీటికి రాదు. వీటి జబ్బులు వేరు.

ఒక ఆదివారం నేను షెడ్డులో ఉండగా అలాంటి వీ-క్రాస్ ఒకటి వచ్చింది. గచ్చిబౌలిలో పనిచేసే కుర్రాడు. బండికి కంపెనీ ఇచ్చిన టైరు 245/70 ఆర్16. దాని స్థానంలో 285/75 ఆర్16, అంటే బయట అందరూ 33 అంగుళాలని పిలిచే టైరు, లోతైన స్టీలు రిమ్ముల మీద. టైరు ఫెండర్‌కి తగలకుండా ముందు స్ప్రింగుల పైన 2 అంగుళాల స్పేసర్ దిమ్మలు పెట్టించాడు. బండి ఎడమకి గుంజుతోంది, రోడ్డు మీద గాడి కనబడితే అందులోకి తనే పోతోంది, 90 దగ్గర స్టీరింగ్ వణుకుతోంది, బ్రేకు తొక్కితే ఆగడం ఆలస్యమవుతోంది. అప్పటికే వేరే రెండు చోట్ల అలైన్‌మెంట్ చేయించాడట.

‘‘అంకుల్, అన్ని అంకెలూ గ్రీన్‌లోనే చూపించారు. మరి ఎందుకు గుంజుతోంది?’’

‘‘యంత్రం చక్రం ఎటు చూస్తున్నదో చెప్తది బాబూ. చక్రం ఎంత దూరంల ఉన్నదో చెప్పదు,’’ అన్నాడు మామ. నా వైపు తిరిగి, ‘‘అల్లుడూ, ఆ పట్టీ ఇటియ్యి,’’ అన్నాడు.

ముందు రెండు చక్రాల్నీ కుడి ఎడమలు మార్చి బిగించి, రోడ్డు మీదకు తీసుకెళ్లి చూశాడు. గుంజుడు ఎడమ నుంచి కుడికి మారింది. అంటే అది బండిది కాదు, ఒక టైరుది. తిరిగి వచ్చాక రిమ్ము తీసి నేల మీద పడుకోబెట్టి, అంచు మీద చదునైన ఇనప పట్టీ పెట్టి, బోల్టులు కూర్చునే ముఖం దాకా లోతు కొలిచాడు. కంపెనీ రిమ్ము కుర్రాడి ఇంట్లోనే ఉంటే తెప్పించి అదీ కొలిచాడు. రెండు రిమ్ముల వెడల్పులోని తేడా తీసేశాక టైరు నడిమి గీత 4 సెంటీమీటర్లు బయటకు జరిగినట్టు తేలింది.

ఆ 4 సెంటీమీటర్లే అసలు సంగతి. ముందు చక్రం తిరిగేది పై బాల్ జాయింట్‌నీ కింది బాల్ జాయింట్‌నీ కలిపే ఒక వాలు గీత చుట్టూ. ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను ఆనే చోటి మధ్యకు దగ్గరగా వచ్చి పడేలా బండిని గీసిన ఇంజనీరు చూసుకుంటాడు. ఆ దూరం తక్కువగా ఉంటే గుంత తగిలినా, ఒక చక్రం మీదే బ్రేకు పట్టినా స్టీరింగ్‌కి పెద్దగా తెలియదు. టైరు ఎత్తు పెరిగినప్పుడు గీత కాస్త బయటకు పడుతుంది గనక ఆ దూరం కొంచెం తగ్గుతుంది. ఈ బండిలో ఎత్తు వల్ల కలిసొచ్చేది ఒక సెంటీమీటరుకు మించదు. రిమ్ము వల్ల పోయింది నాలుగు. మిగిలిన మూడు సెంటీమీటర్ల దూరం మీటలాగా పనిచేసి, రోడ్డు మీది ప్రతి గాడినీ, ప్రతి ఫ్లైఓవర్ అతుకునూ తెచ్చి స్టీరింగ్‌లో పెడుతోంది. చక్రం లోపలికి తిరిగి ఉండే టోని, పక్కకు వాలి ఉండే కాంబర్‌ని ఎంత సరిచేసినా ఇది మారదు. పైగా స్పేసర్ దిమ్మల వల్ల కింది ఆర్మ్ బాగా కిందికి వాలింది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా టో మారిపోతోంది. అంటే యంత్రం మీద నిలబడి ఉన్నప్పుడు చూపించిన పచ్చ అంకె రోడ్డు మీద నిలవడం లేదు.

90 దగ్గరి వణుకుకి కారణం రిమ్ము నడిమి రంధ్రంలో దొరికింది. కంపెనీ రిమ్ము రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చుంటుంది. ఈ రిమ్ము రంధ్రం పెద్దది, ఎన్నో రకాల బండ్లకు పనికొచ్చేలా చేసింది. బ్యాలెన్సింగ్ యంత్రం మీద కోను పెట్టి బిగిస్తే అది మధ్యలోనే ఉంటుంది, యంత్రం సున్నా చూపిస్తుంది. బండికి బిగించినప్పుడు దాన్ని మధ్యలో నిలిపేవి నట్లు ఒక్కటే. వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా వేగంలో వణుకు తప్పదు. ఎన్ని సీసం ముక్కలు అతికించినా పోదు.

బ్రేకు సంగతి లెక్క వేసి చూపించాను. పాత టైరు ఎత్తు 749 మిల్లీమీటర్లు, కొత్తది 834. తేడా 11 శాతం. బ్రేకు డిస్కు పాతదే, అది ఆపాల్సిన చక్రం వ్యాసార్థం 11 శాతం ఎక్కువ. కాటా మీద పెడితే ఒక్కో చక్రం 12 కిలోలు బరువెక్కింది కూడా. స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు బండి నిజంగా పోతున్నది 111. ఆ కుర్రాడు తాను వందలో ఉన్నాననుకుంటూ ఔటర్ మీద అంతకన్నా వేగంగా, అంతకన్నా బరువైన చక్రాలతో, అవే బ్రేకులతో నడుపుతున్నాడు. ఈ ఒక్క అంకె విన్నాకే అతని ముఖం మారింది. మిగతా సాంకేతిక వివరాల కన్నా ఇదే మనిషికి తగులుతుందని నేను అప్పటి నుంచీ ముందుగా దీన్నే చెబుతున్నాను.

చట్టం కూడా ఈ విషయంలో నాన్చలేదు. కంపెనీ తయారుచేసిన నమూనాకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మీద కేరళ నుంచి వచ్చిన కేసు అది. అదే ఏడాది పార్లమెంటు చేసిన సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చని రాశారు. ఫెండర్ దాటిన టైర్లు ఐటీ కారిడార్‌లో రోజూ కనబడుతూనే ఉన్నాయి. ప్రమాదం జరిగాక బీమా వాళ్లు బండిని కొలిచే రోజున మాత్రం ఈ సెక్షన్ గుర్తొస్తుంది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. కొండాపూర్ పక్కన హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాలకు పేరుపడ్డ జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ 2017లో హైదరాబాద్‌లోనే టెక్నాలజీ సెంటర్ తెరిచింది. చక్రం ఎంత బయటకుండాలి, గీత ఎక్కడ పడాలి అని మిల్లీమీటర్లలో వాదించుకునే ఇంజనీర్లు ఎంతోమంది ఈ కారిడార్‌లోనే అన్నం తింటున్నారు. వాళ్ల ఆఫీసుకి కూతవేటు దూరంలో రిమ్ము అమ్మే షాపులో ఆఫ్‌సెట్ అంకె అడిగే కొనుగోలుదారుడు లేడు, చెప్పే అమ్మకందారుడు లేడు. రిమ్ము వెనక ఈటీ అని అచ్చుపోసి ఉంటుంది ఆ అంకె. రాణిగంజ్ ఉస్తాద్‌కి ఆ రెండక్షరాలు తెలియకపోవచ్చు గాని, డిస్కును బయటకు తెస్తే బేరింగు పోతుందని ఆయనకు తెలుసు. యంత్రాలొచ్చాక ఆ చేతి జ్ఞానం పోయింది, పుస్తక జ్ఞానం ఆఫీసు గేటు దాటి బయటకు రాలేదు. మామ షెడ్డులో ఆదివారాలు నేను గడిపేది ఇందుకే.

ఆ కుర్రాడు ఆ సాయంత్రమే పాత రిమ్ములు బిగించమన్నాడు. టైరు మాత్రం కొంచెమైనా పెద్దది కావాలన్నాడు. 255/70 ఆర్16 అయితే ఎత్తు తేడా 2 శాతం లోపే, కంపెనీ రిమ్ము మీదే కూర్చుంటుంది, ఎక్కడా తగలదు అని మామ ఒప్పుకున్నాడు. స్పేసర్ దిమ్మలు తీసేశాక ఎడమ వైపు కింది బాల్ జాయింట్ లూజు బయటపడింది. ఇరుసు షాఫ్టు రబ్బరు బూటు కూడా చిట్లి గ్రీజు కారుతోంది. బండి కొని రెండేళ్లు కూడా కాలేదు. జాయింట్, బూటు రెండూ మార్చి, మొదటి నుంచి మళ్లీ అలైన్‌మెంట్ చేసేసరికి రాత్రి తొమ్మిదయింది. 33 అంగుళాల టైర్లు, రిమ్ములు తొట్టిలో వేసుకున్నాడు. ఎవరికైనా అమ్మిపెట్టమని అడిగితే మామ ససేమిరా అన్నాడు: ‘‘నేను అమ్మితే ఆ బండి మళ్ల నా దగ్గరికే వస్తది.’’